ఇంజిన్ లోపల దెబ్బతిందన్నారా? విప్పించే ముందు తేల్చుకునే పద్ధతి

"మెకానిక్ ఇంజిన్ పోయిందంటున్నాడు, నమ్మొచ్చా?" అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఏం కొలిచి చెప్పాడు? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. శబ్దం విన్నాడు, పొగ చూశాడు, అనుభవంతో చెప్పాడు. అనుభవాన్ని తీసిపారేయలేం. కానీ ఇంజిన్ దించి, ముక్కలు ముక్కలుగా విప్పాక "అసలు లోపం ఇది కాదు" అని తేలితే, మళ్లీ బిగించే ఖర్చు భరించాల్సింది బండి యజమానే.

విప్పకుండానే చేయగలిగిన పరీక్షలు చాలా ఉన్నాయి. వాటిని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో ఇక్కడ రాస్తున్నాను. కొన్ని మీరే చేసుకోవచ్చు, కొన్ని చేయించుకోవాలి. చివరికి మెకానిక్ మాటే నిజమని తేలినా మీకు నష్టం లేదు. ఏ భాగం పోయిందో, ఎంత పని ఉందో తెలిసి ముందుకు వెళతారు.

1. ముందు బండి ఆపండి, ఏదీ మార్చకండి

ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగినా, లోపల దబదబమని కొట్టుకుంటున్నా, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటినా వెంటనే ఆపేయండి. "షెడ్డు దగ్గరే కదా, నడిపేద్దాం" అనుకున్న ఆ కాస్త దూరంలోనే, బేరింగ్ మారిస్తే సరిపోయే పని క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు) దాకా పోతుంది. లాగించుకుని తీసుకెళ్లండి.

నీళ్లలో ఆగిపోయిన బండికి సెల్ఫ్ అసలే కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే అవి నలగవు, పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

ఆపాక చేయాల్సినవి:

- డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం ఎక్కడుందో ఫొటో తీయండి.
- కూలెంట్ డబ్బాలో మట్టం ఫొటో తీయండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకండి, కూలెంట్ మరుగుతూ మీదికి చిమ్ముతుంది.
- శబ్దం ఉంటే ఇప్పటికే రికార్డు చేసినది దాచండి. దానికోసం మళ్లీ స్టార్ట్ చేయకండి.
- స్కానర్ పెట్టేవాళ్లు ఎవరైనా, కోడ్లు చెరిపే ముందు ఫొటో తీయమనండి.
- ఆయిల్ మార్చనివ్వకండి. పాత ఆయిల్, పాత ఫిల్టర్ రెండూ సాక్ష్యాలే.

ఈ ఆఖరి అంశంలోనే ఎక్కువమంది నష్టపోతారు. "ముందు ఆయిల్ మార్చి చూద్దాం" అనేది మంచి సలహాలాగే వినిపిస్తుంది. మారిస్తే లోపల ఏం అరిగిందో చెప్పే లోహపు పొడి అంతా డ్రెయిన్ డబ్బాలో కలిసిపోతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం కొన్నాళ్లు అణిగిపోతుంది కూడా, అరుగుదల మాత్రం ఆగదు.

2. జరిగింది జరిగినట్టు రాసుకోండి

షెడ్డుకు వెళ్లాక ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న వేస్తుంటే మన జ్ఞాపకం వాళ్ల మాటల వైపు జారిపోతుంది. అందుకే ముందే కాగితం మీద పెట్టండి:

- మొదట కనిపించింది ఏమిటి? శబ్దమా, పొగా, పికప్ తగ్గడమా, లైటా?
- ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?
- హఠాత్తుగానా, వారాల తరబడి పెరుగుతూ వచ్చిందా?
- దానికి ముందు ఏ పని చేయించారు? ఆయిల్, టైమింగ్ బెల్టు, కూలెంట్, ఏదైనా సరే.
- ఆయిల్ ఎంత తింటోంది? ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోశారు?

"దానికి ముందు ఏ పని చేయించారు" అన్నది తేలిగ్గా తీసుకోకండి. టైమింగ్ బెల్టు మార్చిన మర్నాడే ఇంజిన్ మిస్సింగ్ (ఏదో సిలిండర్ సరిగ్గా మండక కుదుపు రావడం) మొదలైతే, పిస్టన్ల కన్నా ముందు టైమింగ్ గుర్తులను అనుమానించాలి.

3. "ఇంజిన్ పోయింది" అన్న మాటను విడగొట్టండి

"ఇంజిన్ పోయింది" అంటే లోపం ఏమిటో ఇంకా తెలియలేదన్నమాట. దాన్ని ఐదు ప్రశ్నలుగా విడగొట్టి మెకానిక్‌ను అడగండి:

1) ఏ భాగం? రింగులా (పిస్టన్ చుట్టూ ఉండేవి), వాల్వా (గాలి, పొగ దారులను మూసి తెరిచేది), బేరింగా, హెడ్ గ్యాస్కెట్టా (ఇంజిన్ బ్లాకుకూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య సీలు)?
2) ఏ సిలిండర్?
3) ఏ పరీక్షలో తెలిసింది, అంకె ఎంత?
4) ఎందువల్ల జరిగింది?
5) ఇలాగే కనిపించే వేరే లోపాలు ఏమున్నాయి, అవి కావని ఎలా తేల్చారు?

ఐదో ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా వినండి. పని తెలిసినవాడికి ఈ ప్రశ్న నచ్చుతుంది. "కాయిల్ మార్చి చూశా, అదే సిలిండర్‌లో మిస్సింగ్ ఉంది, అందుకే కంప్రెషన్ చూశా" అని గడగడా చెప్పేస్తాడు. ఊహించి చెప్పినవాడు "ఇన్నేళ్లుగా చూస్తున్నాం కదండీ" దగ్గరే ఆగిపోతాడు.

స్కానర్ కోడ్ ఒక్కటే చూపిస్తే అది చాలదు. పీ0303 అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అవుతోందని మాత్రమే. స్పార్క్ ప్లగ్, కాయిల్ (ప్లగ్‌కు కరెంటు ఇచ్చేది), ఇంజెక్టర్ (ఇంధనం చిమ్మేది), వైరింగ్, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి), వీటిలో దేనివల్లైనా ఆ కోడ్ వస్తుంది. మూడో సిలిండర్ కాయిల్‌ను రెండో దానికి మార్చి చూస్తే, కోడ్ పీ0302 అయితే దోషం కాయిల్‌దే.

4. శబ్దాన్ని గుర్తుపట్టడం

లోపలి దెబ్బల్లో ఎక్కువ గందరగోళం శబ్దం దగ్గరే. కింద రాసినవి తీర్పులు కావు, ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తులు.

కనెక్టింగ్ రాడ్ బేరింగ్: సుత్తితో మందపు ఇనుముపై కొట్టినట్టు లోతైన శబ్దం. ఇంజిన్‌పై లోడు మారినప్పుడు, ముఖ్యంగా యాక్సిలరేటర్ నొక్కి వదిలే క్షణంలో స్పష్టంగా వినిపిస్తుంది. వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక పెరుగుతుంది.

పిస్టన్ స్లాప్: చల్లగా ఉన్నప్పుడు బోలుగా తడతడ. వేడెక్కేకొద్దీ పిస్టన్ వ్యాకోచించి సందు తగ్గుతుంది, శబ్దమూ తగ్గుతుంది. ఇలాంటి శబ్దంతోనే ఏళ్ల తరబడి తిరిగే ఇంజిన్లు ఉన్నాయి. దీన్ని బేరింగ్ శబ్దం అనుకుని ఇంజిన్ దించితే ఆ ఖర్చంతా దండగే.

టాపెట్ (వాల్వును నొక్కే భాగం) సౌండ్: పైభాగం నుంచి సన్నగా టిక్ టిక్. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగంతోనే తిరుగుతుంది కాబట్టి ఈ టిక్కులు తీరిగ్గా, విడివిడిగా వినిపిస్తాయి.

టైమింగ్ చెయిన్: చల్లగా స్టార్ట్ చేసిన వెంటనే ముందు వైపు నుంచి గలగల. ఆయిల్ ప్రెషర్ టెన్షనర్‌కు అందగానే తగ్గుతుంది.

లోపలిదని అనిపించినా బయటి నుంచే వచ్చే శబ్దాలు ఇంకా ముఖ్యం. వీటిని ముందు కొట్టిపారేసుకోవాలి:

- సైలెన్సర్ మీద వదులైన హీట్ షీల్డ్
- ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకు. ఇది అచ్చం టాపెట్ సౌండ్‌లా ఉంటుంది
- ఆల్టర్నేటర్, వాటర్ పంపు, బెల్టు టెన్షనర్ బేరింగులు. బెల్టు తీసి క్షణం పాటు నడిపితే తెలిసిపోతుంది
- ఆటోమేటిక్ గేర్ బండ్లలో పగిలిన ఫ్లెక్స్ ప్లేట్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్ వైపు కలిపే పలక), వదులైన టార్క్ కన్వర్టర్ బోల్టులు. ఇవి రాడ్ శబ్దాన్ని అచ్చు గుద్దినట్టు అనుకరిస్తాయి
- ఇంజెక్టర్ల మామూలు టిక్ టిక్

రాడ్ బేరింగ్ అనుమానం బలంగా ఉండి, శబ్దం మరీ పెద్దది కాకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. ఐడ్లింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడాలి. ఏ సిలిండర్‌ను ఆపినప్పుడు శబ్దం బాగా తగ్గుతుందో ఆ రాడ్‌పైనే అనుమానం. కాయిల్ తీయకండి. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది. కామన్ రైల్ డీజిల్‌లో ఇంజెక్టర్ పైపు నట్లు వదులు చేసి చూడటం అసలే వద్దు. అక్కడి ప్రెషర్ 1000 బార్ కూడా దాటగలదు, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

5. కళ్లతో చూసి తెలుసుకోగలిగినవి

పొగ: నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. రాత్రంతా ఆగి ఉన్న బండి స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు నీలి పొగ వదిలి ఆగిపోతే వాల్వు సీళ్లు. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఆగకుండా వస్తే రింగులు లేదా టర్బో. ఆగని తెల్లపొగతో పాటు తియ్యటి వాసన ఉంటే కూలెంట్ కాలుతోంది. చలి ఉదయాల్లో కాసేపు వచ్చే ఆవిరి మామూలే. నల్లపొగ అంటే ఇంధనం ఎక్కువైందని, దాన్ని చూసి ఇంజిన్ విప్పకూడదు.

ఆయిల్: డిప్‌స్టిక్ మీదే పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే కూలెంట్ కలిసిందని గట్టి అనుమానం. మూత కింద మాత్రమే కాస్త తెల్లటి జిగురు ఉంటే, దగ్గరి ప్రయాణాలే చేసే బండిలో అది చెమ్మ కావచ్చు.

స్పార్క్ ప్లగ్గులు: తీసిన వరుసలోనే పేర్చి పెట్టండి. ఒక్కటి ఆయిల్‌తో తడిసి మిగతావి పొడిగా ఉంటే ఆ సిలిండర్‌ను అనుమానించాలి. ఒక్కటే కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ వెళ్తుండొచ్చు. ఎలక్ట్రోడ్ నలిగి మూసుకుపోయి ఉంటే లోపల ఏదో తగిలింది.

కూలెంట్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్: రేడియేటర్ నోటికి గొట్టం పెట్టి, అందులో నీలి ద్రవం పోసి చేసే పరీక్ష ఇది. కాలిన గ్యాస్ తగిలితే ద్రవం పసుపు రంగుకు మారుతుంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందన్న ఎవరినైనా ముందు ఈ పరీక్ష అడగండి. నిమిషాల పని. ద్రవంలోకి కూలెంట్ పీల్చుకుంటే ఫలితం చెడిపోతుంది, అందుకే ముందు మట్టం కాస్త తగ్గించాలి.

భయపెట్టడానికి చూపించే మామూలు విషయాలు కూడా చెప్పాలి. డీజిల్ బండిలో ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉండటం మసి వల్ల, లోపం కాదు. టర్బో నుంచి వచ్చే గాలి గొట్టంలో పలచటి ఆయిల్ పొర ఉంటుంది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకోవడం ప్రతి ఇంజిన్‌లోనూ ఉండేదే. వేలికి గుచ్చుకునే ముక్కలు, రేకుల్లాంటి పొరలు ఉంటేనే కంగారు పడాలి.

6. ఆయిల్ ఫిల్టర్ కోసి చూడండి

నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే, దాదాపు ఎవరూ చేయనిదీ ఇదే.

ఫిల్టర్ డబ్బాను ఫిల్టర్ కట్టర్‌తోనే కోయాలి. హాక్సా బ్లేడుతో కోస్తే రంపపు పొడి లోపల పడుతుంది, ఆ పొడి చూసి ఇంజిన్ పోయిందనుకుంటాం. లోపలి కాగితాన్ని పైనా కిందా బ్లేడుతో వేరు చేసి, గుడ్డలో చుట్టి వైస్‌లో పెట్టి ఆయిల్ పిండేయాలి. తర్వాత తెల్ల కాగితం మీద మడతలు విప్పి పరిచి, పక్క నుంచి టార్చి వేయాలి. పై నుంచి వేస్తే ఏమీ కనబడదు.

ఒకసారి నేనలా పరిచిన కాగితం మడతల లోతుల్లో సన్నటి మెరుపు కనిపించింది. చేప పొలుసుల్లాంటి తునకలు, కొన్ని వెండి రంగు, కొన్ని రాగి రంగు. అయస్కాంతం దగ్గర పెడితే ఒక్కటీ కదల్లేదు. అవి బేరింగ్ పొరలు. ఆ ఇంజిన్‌లో శబ్దం అప్పటికి ఇంకా మొదలే కాలేదు.

చదివే పద్ధతి:

- అయస్కాంతానికి అంటుకునేవి: ఇనుము, ఉక్కు. రింగులు, క్యామ్ షాఫ్ట్, చెయిన్, సిలిండర్ లైనర్ వైపు చూడాలి.
- అంటుకోని రాగి రంగు: బేరింగ్ లోపలి పొర. అరుగుదల బాగా లోతుకు పోయింది.
- అంటుకోని వెండి రంగు: బేరింగ్ పైపొర, లేదా పిస్టన్ అల్యూమినియం.
- ప్లాస్టిక్, రబ్బరు ముక్కలు: చెయిన్ గైడ్, సీళ్లు, అతిగా పూసిన సీలెంట్.

ఇంకా లోతుగా కావాలంటే పాత ఆయిల్ నమూనాను ల్యాబ్‌కు పంపొచ్చు. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ కలుస్తోందని, సిలికాన్ పెరిగితే దుమ్ము లోపలికి వెళ్తోందని అర్థం. కొత్త సీలెంట్ నుంచి కూడా సిలికాన్ వస్తుంది కాబట్టి ఈ మధ్య ఏదైనా పని చేయించి ఉంటే ఆ మాట చెప్పండి. ఒక్క హెచ్చరిక: ల్యాబ్ పరీక్ష సన్నటి రేణువులనే లెక్కిస్తుంది. పెద్ద ముక్కలు ఫిల్టర్‌లో ఉండిపోతాయి. అందుకే ఫిల్టర్ కోయడం మానకూడదు.

7. కంప్రెషన్ టెస్ట్, సరిగ్గా చేయిస్తేనే

ఈ పరీక్ష చేశామని చెప్పేవాళ్లు చాలామంది. వరుస తప్పకుండా చేసేవాళ్లు తక్కువ. మీరు పక్కనే నిలబడి చూడండి.

చేయించే ముందు:

- బ్యాటరీ పూర్తి చార్జిలో ఉండాలి.
- ఇంజిన్ నడపడానికి వీలైన స్థితిలో ఉంటే గోరువెచ్చగా ఉండాలి. నడపకూడని స్థితి అయితే చల్లగానే చేసి, ఆ సంగతి అంకెల పక్కన రాయాలి.
- ఇంధన పంపు ఫ్యూజు, ఇంజెక్టర్ల కనెక్టర్లు, కాయిల్ కనెక్టర్లు తీసేయాలి.
- ప్లగ్గులన్నీ తీయాలి, ఒక్కటే తీయడం కాదు.
- థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి మూత) పూర్తిగా తెరిచి ఉంచాలి.

చేసేటప్పుడు ప్రతి సిలిండర్‌కూ ఒకే సంఖ్యలో, ఐదో ఆరో ముల్లు దూకుళ్లు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. మొదటి దూకుడు అంకె, చివరి అంకె రెండూ రాయాలి. మొదట తక్కువగా మొదలై మెల్లగా ఎక్కితే రింగుల లక్షణం. మొదటి నుంచీ తక్కువగానే ఉండిపోతే వాల్వుల లక్షణం.

పెట్రోల్ ఇంజిన్లలో చాలావాటికి 120 నుంచి 200 పీఎస్ఐ మధ్య ఉంటుంది, మీ ఇంజిన్ మాన్యువల్ అంకెకే విలువ ఇవ్వండి. అసలు చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. అన్నిటికన్నా తక్కువది, ఎక్కువ దానిలో 75 శాతానికి తగ్గితే లోపం ఉన్నట్టే లెక్క. డీజిల్‌కు ఇంతకు రెట్టింపు పైనే ఉంటుంది, దానికి వేరే గేజి కావాలి. పెట్రోల్ గేజి పెడితే పగలొచ్చు.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. బాగా పెరిగితే రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ). పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే వాటి మధ్య గ్యాస్కెట్ తెగి ఉండొచ్చు.

అన్ని సిలిండర్లూ సమానంగా తక్కువ చూపిస్తే? ఇక్కడే చాలా ఇంజిన్లు అన్యాయంగా విప్పబడతాయి. అన్ని రింగులూ ఒకేసారి ఒకే కొలతలో అరగడం కన్నా థ్రాటిల్ మూసి ఉండటం, బ్యాటరీ బలహీనంగా ఉండటం, టైమింగ్ బెల్టు పన్ను జారడం ఎక్కువగా జరుగుతాయి. ఒక్క సిలిండర్ సున్నా చూపించినా, ముందు గేజి గొట్టం మరలు సరిగ్గా ఎక్కాయో లేదో చూసి మళ్లీ కొలవమనండి.

8. లీక్‌డౌన్ టెస్ట్: గాలి ఎక్కడి నుంచి పోతోంది

కంప్రెషన్ టెస్ట్ ఏ సిలిండరో చెబుతుంది. లీక్‌డౌన్ ఏ భాగమో చెబుతుంది. కంప్రెషన్ స్ట్రోక్ చివర పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉండగా ప్లగ్ రంధ్రం గుండా గాలి నింపుతారు. ఎంత శాతం కారిపోతోందో గేజి చూపిస్తుంది. 10 శాతం లోపు మంచిది, 20 దాటితే పట్టించుకోవాలి, 30 దాటితే పని ఉన్నట్టే.

చెవి పెట్టి వినాల్సిన చోట్లు:

- సైలెన్సర్ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు
- ఎయిర్ ఫిల్టర్ వైపు వినబడితే ఇన్‌టేక్ వాల్వు
- ఆయిల్ మూత, డిప్‌స్టిక్ గొట్టంలో ఎక్కువగా వినబడితే రింగులు (కాస్త ఎప్పుడూ ఉంటుంది)
- రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు
- పక్క సిలిండర్ ప్లగ్ రంధ్రంలో గాలి వస్తే రెండింటి మధ్య గ్యాస్కెట్

గాలి ఒత్తిడికి పిస్టన్ ఒక్కసారిగా కిందికి తన్నొచ్చు. క్రాంక్ బోల్టుకు స్పానర్ తగిలించి వదిలేస్తే అది తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది.

నా సొంత బండి సంగతి ఇక్కడే చెప్పాలి. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, మూడో దాంట్లో మిస్సింగ్. "పిస్టన్ కాలిపోయింది, ఇంజిన్ మొత్తం దించాలి" అన్నారు. కంప్రెషన్ 175, 170, 95, 172 వచ్చింది. ఆయిల్ పోస్తే 95 కాస్తా 98 అయింది, అంతే. లీక్‌డౌన్ పెట్టి సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే చల్లటి గాలి అరచేతికి తగిలింది. కాలింది పిస్టన్ కాదు, ఎగ్జాస్ట్ వాల్వు. హెడ్ మాత్రం దించి పని పూర్తి చేశారు. మొదట చెప్పిన మెకానిక్ మోసగాడని నేను అనుకోను. సిలిండర్ సరిగ్గానే పట్టుకున్నాడు, ఒక్క పరీక్ష ముందే ఆగిపోయాడు.

9. ఆయిల్ ప్రెషర్

బేరింగులు పోయాయని చెబితే ఈ అంకె లేకుండా ఒప్పుకోకండి. డాష్‌బోర్డు లైటు ఆధారం కాదు, సెన్సర్ చెడినా వెలుగుతుంది. సెన్సర్ తీసి, అదే రంధ్రానికి మెకానికల్ గేజి బిగించి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఐడ్లింగ్‌లోనూ, 2000 ఆర్‌పీఎం దగ్గరా చూడాలి. ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ ఉండాలన్నది పాతకాలపు లెక్క. ఇప్పటి ఇంజిన్లలో ఆయిల్ పంపులు వేరుగా పనిచేస్తాయి, మాన్యువల్ అంకెతోనే పోల్చండి.

శబ్దం పెద్దగా ఉంటే ఈ పరీక్ష కోసం ఇంజిన్ నడపొద్దు. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించి బేరింగ్ క్యాప్ ఒకటి విప్పి చూడటమే క్షేమం.

10. బోరోస్కోప్

ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా దింపి చూసేది ఇది. అద్దం లేదా పక్కకు తిరిగే కెమెరా ఉంటే వాల్వులు కూడా కనిపిస్తాయి.

సిలిండర్ గోడ మీద అడ్డంగా, వజ్రాకారంలో సన్నటి గీతలు కనిపిస్తే మంచిది, అవి తయారీలో వేసినవే. నిలువునా లోతైన గీతలు ఉంటే గోడ దెబ్బతింది. పిస్టన్ తలపై అర్ధచంద్రాకారపు గుర్తు ఉంటే వాల్వు తగిలింది. అయితే కొన్ని పిస్టన్లకు వాల్వుల కోసం తయారీలోనే పల్లాలు ఉంటాయి. అంచులు నునుపుగా ఉంటే తయారీవి, పచ్చిగా మెరుస్తుంటే దెబ్బ.

వీడియోలో సిలిండర్ నంబరు వినబడేలా చెప్పించండి. నంబరు లేని వీడియో మీ ఇంజిన్‌దో కాదో కూడా చెప్పలేం.

11. చెప్పిన కారణానికీ కనిపించిన దెబ్బకూ పొంతన ఉందా?

అనుమానం తీర్చుకోవడానికి ఇదే సరైన చోటు. ప్రతి కారణం తనదైన గుర్తు వదులుతుంది.

"ఆయిల్ లేకుండా నడిపారు" అంటే: బేరింగులు నల్లబడో నీలిరంగు తిరిగో ఉండాలి, క్యామ్ షాఫ్ట్ కూర్చునే చోట్ల గీతలు పడాలి. ఒక్క సిలిండర్ వాల్వు మాత్రమే కాలి, బేరింగులు శుభ్రంగా ఉంటే ఈ మాట పొసగదు. మీరు మొదటిరోజు తీసిన డిప్‌స్టిక్ ఫొటో ఇక్కడ పనికొస్తుంది.

"ఓవర్‌హీట్ చేశారు" అంటే: చాలాసార్లు హెడ్ వంగి ఉంటుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజితో కొలిచి చూపించమనండి. చాలా హెడ్లకు మిల్లీమీటరులో పదో వంతు వంపే ఎక్కువ.

"నీళ్లు లోపలికి వెళ్లాయి" అంటే: ఎయిర్ ఫిల్టర్ కాగితం తడిసి ముడతలు పడి ఉండాలి, రాడ్ వంగి ఉండాలి. వంగిన రాడ్ ఉన్న పిస్టన్ మిగతావాటంత పైకి రాదు. ప్లగ్ రంధ్రంలోంచి కొలిచి పోల్చొచ్చు.

"టైమింగ్ బెల్టు తెగింది" అంటే: సెల్ఫ్ కొడితే ఇంజిన్ అడ్డు లేకుండా తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది. వాల్వులు పిస్టన్‌కు తగిలే రకం ఇంజిన్ అయితే వాల్వులు వంగుతాయి, తగలని రకం అయితే కొత్త బెల్టుతోనే నడవొచ్చు. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి.

"ఇంధనం మంచిది కాదు" అంటే: పిస్టన్ తల అంచుల్లో ఇసుకతో కొట్టినట్టు గుంటలు, రింగుల మధ్య గట్లు విరగడం కనిపించాలి.

12. మెకానిక్‌తో మాట్లాడటం

గొంతు పెంచితే పరీక్షలు జరగవు. అలాగని మొహమాటపడి తలూపినా జరగవు. ఇలా అడగొచ్చు:

"మీరు చెప్పింది కాదనడం లేదండీ. ఇంత పని కదా, నాకు అర్థమవ్వాలి. మూడో సిలిండర్‌కు లీక్‌డౌన్ పెట్టి చూపిస్తారా? దాని చార్జి నేనిస్తాను."

పరీక్షకు వేరుగా డబ్బులిస్తానని ముందే చెప్పడం ముఖ్యం. ఆయన సమయానికి విలువ ఇచ్చినట్టూ ఉంటుంది, "విప్పితేనే గానీ చెప్పలేం" అనే అవసరమూ తగ్గుతుంది.

నిజంగానే విప్పితే తప్ప తెలియనివి కొన్ని ఉంటాయి, పిస్టన్ పిన్ అరుగుదల లాంటివి. అలాంటప్పుడు ఎక్కడి వరకు విప్పుతారో, ఏం కనిపిస్తే అక్కడ ఆగుతారో రాయించుకోండి.

వెనక్కి తగ్గాల్సిన గుర్తులు:

- పాత విడిభాగాలు చూపించనంటే
- అంకెలు అడిగితే కోపగించుకుంటే
- అడిగిన ప్రతిసారీ లోపం పేరు మారుతుంటే
- మీ అనుమతి లేకుండా హెడ్ దించేసి ఉంటే

రెండో మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదటాయన ఏం చెప్పాడో చెప్పకండి. లక్షణాలు, ఫొటోలు, తేదీలు మాత్రమే ఇవ్వండి. లోపం పేరు ముందే వింటే ఎంత మంచి మెకానిక్ అయినా దానికోసమే వెతుకుతాడు. ఇద్దరూ విడివిడిగా ఒకే సిలిండర్, ఒకే భాగం చెబితే ఇక ఆలస్యం చేయకండి.

13. విప్పించేటప్పుడు మీరు ఉండాల్సిన సమయాలు

రోజంతా నిలబడక్కర్లేదు. మూడుసార్లు వెళ్లండి: సంప్ దించినప్పుడు, హెడ్ దించినప్పుడు, తిరిగి బిగించే ముందు.

- సంప్ అడుగున పేరుకున్నది కడగక ముందే చూడండి.
- బేరింగులు ఏ సిలిండర్‌వో నంబర్ వేసి వరుసగా పెట్టించండి.
- హెడ్ గ్యాస్కెట్ పారేయకుండా దాచండి. ఎక్కడ తెగిందో అది చెబుతుంది.
- బోరు, క్రాంక్ జర్నల్ (క్రాంక్ షాఫ్ట్‌పై బేరింగ్ కూర్చునే చోటు) కొలతలు మైక్రోమీటర్ అంకెలతో రాయించుకోండి. "కొంచెం అరిగింది" అన్నది కొలత కాదు.
- కారణం దొరికిందా అని మళ్లీ అడగండి. మూసుకుపోయిన ఆయిల్ పికప్ జాలీ, కారుతున్న ఇంజెక్టర్, పనిచేయని థర్మోస్టాట్, ఏదో ఒకటి చేతికి చిక్కాలి.

బేరింగ్ పోయిన ఇంజిన్‌లో ఆ లోహపు పొడి ఆయిల్ దారులన్నిటిలోకీ పాకి ఉంటుంది. బ్లాకు, క్రాంక్ షాఫ్ట్ లోపలి ఆయిల్ రంధ్రాలు బ్రష్ పెట్టి కడగాలి. ఆయిల్ కూలర్‌ను ఎంత కడిగినా లోపలి సందుల్లో పొడి మిగిలే ఉంటుంది, అందుకే దాన్ని మార్చడమే మంచిది. కొత్త బేరింగులు వేసి పాత కూలర్ తగిలిస్తే, మొదటిసారి స్టార్ట్ చేసిన నిమిషంలోనే ఆ పొడి కొత్త బేరింగుల మీదికి వస్తుంది. బిగించే ముందు వెళ్లినప్పుడు ఆయిల్ కూలర్ ఎక్కడుందో అడిగి, మీ కళ్లతో చూసి రండి.